ఎక్కిళ్ల కార్డు

టకటకయ్య కార్డులకు పళ్లు తోముతున్నాడు. తన పళ్లు ఇంకా తోముకోలేదు.

కిటికీ పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, మెమరీ కార్డులన్నిటినీ బోర్లా పడుకోబెట్టాడు. ఒక్కోటి తపాలా బిళ్లంత ఉంటుంది. వీపు మీద బంగారు రంగు రేకులు పాలపళ్లలా వరసగా ఉంటాయి. పెన్సిలు రబ్బరు అంచుతో ఆ పళ్లను మెత్తగా రుద్దడం, ఉఫ్‌మని ఊదడం, వెలుతురుకు ఎత్తి చూడడం, పక్కన పెట్టడం. మురికి పట్టిన కార్డును కెమెరా గుర్తుపట్టదు. కొత్త అల్లుణ్ణి అత్తారింటి కుక్క ఆపినట్టు గుమ్మంలోనే ఆపేస్తుంది.

"ముందు మీ పళ్లు తోముకోండి," అంది లోపలి గదిలోంచి భార్య. "వాటి పళ్లు ఎవరూ చూడరు. మీవి జనం చూస్తారు."

"నేను నోరు మూసుకునే ఉంటానుగా."

"అదీ నిజమే. ఈ ఇంట్లో ఆ పని మీది."

నోరు తెరిచే పని ఆమెది. ఆ పనినే తగ్గించమని డాక్టరు పోయిన నెల చెప్పాడు. గుండె అలిసిపోయిందట, ఇక బాగుచేసేది లేదట, ఉన్నన్నాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలట. మెట్లు ఎక్కకూడదు, కుట్టుమిషను తొక్కకూడదు, ఎక్కువగా మాట్లాడకూడదు. ఆమె శ్రద్ధగా విని, "సరే బాబూ, మెట్లు మానేస్తాను," అని వచ్చింది. ఇల్లేమో మేడ మీద. తాళంచెవులు చేసేవాడి కొట్టు పైన రెండు గదులు. అంటే మెట్లు మానేయడమంటే కిందికి దిగడం మానేయడమే. అలాగే మానేసింది. మిషను మానలేదు. మాటల సంగతి చెప్పనే అక్కర్లేదు.

టకటకయ్య అరవై దాటిన మనిషి. పొడుగ్గా ఉంటాడు, మెడ మాత్రం ముందుకు వంగి ఉంటుంది, ఎప్పుడూ ఎవరి భుజం మీంచో చూస్తున్నట్టు. కుడికన్ను కెమెరాకు రాసిచ్చేశాడు. దాని కోసం ఎడమకన్ను మూసి మూసి, అది తోడబుట్టిన కన్ను కంటే పదేళ్లు ముందే ముసలిదైంది. పేరు ఏదో ఉండే ఉంటుంది. బళ్లో పరుగు పందేలకు ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు పిల్లలు పెట్టిన పేరే నిలిచిపోయింది. వేలు మీట మీద పెడితే తీయడు. టకటకటకటకమని రేకు పైకప్పు మీద వడగళ్లు పడ్డట్టే. ఒకసారి ఒక పిల్లవాడు గీత దాటి, కప్పు తీసుకుని, ఇంటికెళ్లి, అన్నం తిని, తెల్లారి లేచి మళ్లీ బడికి వచ్చేసరికి ఈయన ఇంకా ఆ పందెమే తీస్తున్నాడని చెప్పుకుంటారు. అందులో అన్నం తిన్నంత వరకు నిజమే అయుంటుంది.

ఫోటోల మీద అంత ఆకలి ఊరికే రాలేదు.

కుర్రతనంలో అతను పనికి చేరింది ఇప్పటి స్టూడియోలోనే. అప్పుడు ఫిలిం రోజులు. స్టూడియో పెట్టిన పెద్దాయన, అంటే తరవాత మామగారైన ఆయన, పిల్లికి బిచ్చం పెట్టని రకం. "ఒక తలకి ఒక ఫ్రేము" అనేది ఆయన శాసనం. మనిషి కూర్చోవాలి, ఒక్కసారి నొక్కాలి, లేచిపోవాలి. రెండోసారి నొక్కితే ఆయన ప్రాణం ఒకటి పోయినట్టే. మరి ఆ ఒక్కసారీ కూర్చున్నవాడు రెప్ప వేస్తే? అందుకే టకటకయ్య ఉన్నాడు. అతని పని పెన్సిలు పని. ఫోటోలో మూసుకున్న రెప్పల మీద కళ్లు దిద్దడం. సన్నగా చెక్కిన పెన్సిలుతో, భూతద్దం కింద, ఊపిరి బిగపట్టి, నల్లగుడ్డు, తెల్లగుడ్డు, మధ్యలో మెరుపు చుక్క. ఆ చుట్టుపక్కల సగం ఇళ్లలో తాతలు అతను పెట్టిన కళ్లతోనే గోడల మీంచి మనవల్ని చూస్తున్నారు.

ఓనరు కూతుర్ని అతనికే ఇచ్చారు. పెళ్లి ఫోటో పెద్దాయనే స్వయంగా తీశాడు. కూతురి పెళ్లైనా శాసనం శాసనమే, ఒక్కటే ఫ్రేము. పెళ్లికూతురు కళ్లు మూసేసింది. "నీ పెళ్లాం, నువ్వే దిద్దుకో," అన్నాడు మామగారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అప్పటికి అతను ఆ పిల్ల కళ్లలోకి సూటిగా చూసిందే లేదు. ఓనరు కూతురు కదా, ఆమె ఎదురొస్తే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు. ఆమె చెప్పులు దిద్దమంటే అచ్చుగుద్దినట్టు దిద్దేవాడు. సరే, చెయ్యి తిరిగిన పని, చేతికి వచ్చిన కళ్లు పెట్టాడు. ఫోటో బ్రహ్మాండంగా కుదిరింది. చుట్టాలంతా మెచ్చుకున్నారు. కొత్త కోడలు అత్తారింట్లో అడుగుపెట్టి, ఎదురొచ్చిన అత్తగారిని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ కళ్లు నాకు తెలుసు," అంది.

అతని చేతికి బాగా తెలిసిన కళ్లు ఒక్కటే జత. అవే పెట్టాడు. పెళ్లికూతురి మొహంలో పెళ్లికొడుకు తల్లి కళ్లు!

ఆనాటి నుంచి ఆ ఫోటో గోడ మీదే ఉంది. అత్తగారు పోయి ఎన్నో ఏళ్లయింది, చూపు మాత్రం పోలేదు. పాలు పొంగితే ఆ కళ్లు చూస్తాయి. సూది పోతే చూస్తాయి. "మీ అమ్మ నా మొహంలో కాపురం పెట్టి నన్నే కాపలా కాస్తోంది," అనేది ఆమె. ఇంకో ఫోటో తీయించుకుందామంటే, కెమెరా ఎత్తితే చాలు, రెప్పలు వాలిపోతాయి. ఇంట్లో, పార్కులో, సముద్రం ఒడ్డున, బస్సు కిటికీలో, ఎక్కడ తీసినా కళ్లు మూసుకునే ఉంది. ఆమెంత హాయిగా నిద్రపోతూ ఇన్ని ఊళ్లు తిరిగిన మనిషి ఇంకొకరు లేరు.

పోయిన నెల డాక్టరు దగ్గరి నుంచి వచ్చాక, చేతిసంచి కూడా కింద పెట్టకుండా, ఆమె ఆ ఫోటో ముందు నిలబడింది.

"ఏమండీ, ఒక్క మాట చెబుతా వినండి. నేను పోయాక మీ అమ్మ కళ్లతో ఆ గోడకి వేలాడను. బతికినంత కాలం ఓర్చుకున్నా. చచ్చాక ఓర్చుకోను. నా కళ్లు నాకు పెట్టండి."

"దిద్దుతాను. ఇప్పుడు నాకు బాగా తెలుసుగా నీ కళ్లు."

"దిద్దొద్దు. మీ దిద్దుబాటు చూశాను. తీయండి. చేతనైతే తీయండి."

ఆ మాట తూటాలా తగిలింది. ఆ రోజు నుంచి టకటకయ్యకు ఇంకో ధ్యాస లేదు.

పళ్లు తోమిన కార్డులను డబ్బాలో సర్ది, చివరికి తనవీ తోముకుని, స్టూడియోకి బయలుదేరాడు.

స్టూడియో బస్‌స్టాపు ఎదురుగా ఉంటుంది. అద్దాల తలుపు, లోపల నీలం తెర, రెండు గొడుగు దీపాలు, తల దువ్వుకోవడానికి దువ్వెన కట్టిన అద్దం. ఆ దువ్వెనను తాడుతో ఎందుకు కట్టారని అడిగితే పెద్దాయన హయాంలోది అంటారు. ఇప్పటి ఓనరు ఆయన కొడుకు, అంటే టకటకయ్యకు బావమరిది. గుండ్రటి మొహం, నెత్తి మీద కళ్లద్దాలు, వాటి కోసం రోజంతా బల్ల మీద వెతుకులాట. చెడ్డవాడు కాడు. తండ్రి పొదుపు మాత్రం రక్తంలో దిగింది.

పొద్దున్నే ఒక పెద్దమనిషి పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. టకటకయ్య మొదలుపెట్టాడు.

"ఏమిటయ్యా, ఒక్క ఫోటో అంటే తుపాకీ పేలుస్తావు!" పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

"ఒక్కటే ఇస్తాను బాబూ. ఏరడానికి తీస్తున్నా. వంకాయలు కొన్నప్పుడు మొదట చేతికొచ్చింది తీసుకుంటారా?"

"నా మొహం వంకాయలా ఉందా?"

"లేత వంకాయ బాబూ. కదలకండి."

పెద్దమనిషి నవ్వాడు. ఆ నవ్వు మొహమంతా పాకి, సర్దుకుని, ఇంకా కళ్లలో కొంచెం మిగిలి ఉన్నప్పటి ఫోటో ఏరి ఇచ్చాడు టకటకయ్య. పెద్దమనిషి దాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకుని, "నేను ఇంత మంచివాడినని మా ఇంట్లో చెబితే నమ్మరు," అని వెళ్లిపోయాడు.

అతను తలుపు దాటగానే బావమరిది కుర్చీ తిప్పాడు.

"బావా, ఆదివారం పెద్ద కెమెరా ఇంటికి తీసుకెళ్లావా?"

"తీసుకెళ్లాను."

"అందులో కొత్త కార్డు వేసి?"

"వేసే."

"ఎన్నిసార్లు నొక్కావో తెలుసా?"

"తినేవాడు మెతుకులు లెక్కపెడతాడా?"

"షట్టరుకి ఆయుష్షు ఉంటుంది బావా! ఇన్ని నొక్కుళ్లని చెప్పి మరీ అమ్ముతారు. నువ్వు ఒక్క పూటలో దాని వయసు ఎంత తాగేశావో చూడు!"

"ఆయుష్షు ఉన్నది వాడుకోవడానికిరా. పెట్టెలో పెట్టి దాస్తే పిల్లలు పెడుతుందా?"

ఆదివారం జరిగింది ఇదీ. పెద్ద కెమెరా పరుగు పందేల కోసం కొన్నది, రెప్పపాటులో బోలెడన్ని తీస్తుంది. కొత్త కార్డు ఎన్ని ఇచ్చినా మింగేస్తుంది. ఇక రెప్ప ఎంత వేగంగా వేస్తే మాత్రం ఏం, రెప్పకీ రెప్పకీ మధ్య సందు దొరక్కపోతుందా అని టకటకయ్య లెక్క. భార్యను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వేలు నొప్పిపుట్టేదాకా నొక్కాడు. తీరా చూస్తే ఏముంది, మొదటి దాంట్లో కళ్లు మూసి ఉన్నాయి, చివరి దాంట్లో కళ్లు మూసి ఉన్నాయి, నడుమ ఉన్నవన్నీ వాటి తోబుట్టువులే. ఆమె రెప్పలు వేయడం లేదు. చప్పుడు మొదలవగానే మూసి, ఆగేదాకా తెరవడం లేదు. ఆగీ ఆగగానే తెరిచి, "అయిందా?" అని అడుగుతుంది, ఇంత పెద్ద కళ్లు వేసుకుని. మళ్లీ ఎత్తితే మళ్లీ మూత.

"మా నాన్న ఆ ఒక్క ఫ్రేము కోసం 'కళ్లు మూశావో చంపేస్తా' అని అరిచేవాడు," అంది ఆమె ఆ రోజు. "అప్పటి భయం. నా రెప్పలు నా మాట వినవు."

ఇప్పుడు స్టూడియోలో బావమరిది గొంతు తగ్గించాడు.

"అక్క కోసమేనా?"

టకటకయ్య కెమెరా అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

"బావా, గోడ మీద బంగారంలాంటి ఫోటో ఉండగా ఈ అవస్థ ఎందుకు? నాన్న తీసింది. అక్క ఎంత కళగా ఉంటుంది అందులో! దాన్నే పెద్దది చేసి, మచ్చలు తీసి..."

"ఆ కళ్లు మీ అక్కవి కావు."

"ఎవరికి తెలుస్తుంది?"

"దానికి తెలుసు. నాకు తెలుసు. మా అమ్మకీ తెలుసు."

"మీ అమ్మ పోయి ఎన్నేళ్లయింది!"

"పోతే మాత్రం చూడ్డం మానేసిందనుకున్నావా? ఒక రోజు వచ్చి మా గోడ ముందు నిలబడు, తెలుస్తుంది."

బావమరిది తల గోక్కున్నాడు. కళ్లద్దాలు చేతికి తగిలి, పొద్దుటి నుంచి వెతుకుతున్నవి దొరికాయన్న సంతోషం ఒక్క క్షణం మొహంలో మెరిసింది. మళ్లీ ఓనరు అయిపోయాడు. పెద్ద కెమెరాలోంచి కొత్త కార్డు లాగి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"రేపు పరుగు పందేలున్నాయి. ఇది ఇవ్వను. ఏమనుకున్నా సరే."

"కెమెరా ఇస్తావా?"

"ఇస్తాను. కాదంటే అక్కతో చాడీలు చెబుతావు." ఇంకో సొరుగు తీసి, అంచు అరిగిన పాత కార్డు ఒకటి పట్టుకొచ్చి కెమెరాలో దోపాడు. "ఇదిగో, దీన్ని వేసుకుని టకటకలాడించు. నాలుగు మెతుకులకే గొంతు పట్టేస్తుంది."

దాన్ని ఇద్దరూ ఎక్కిళ్ల కార్డు అంటారు. ఎందుకంటే కెమెరాకు నోరు ఎంత పెద్దదైనా, మింగాల్సింది కార్డే. గబగబా తీసిన ఫోటోలను కెమెరా ముందు బుగ్గన పెట్టుకుంటుంది. కార్డు గొంతు వెడల్పైతే అవి జారిపోతూ ఉంటాయి, టకటక ఆగదు. గొంతు సన్నమైతే బుగ్గ నిండిపోతుంది. అప్పుడు వేలు నొక్కే ఉన్నా కెమెరా నోరు తెరవదు. కార్డు కిందామీదా పడి ఒక ముద్ద మింగితే, ఆ ఖాళీలో ఇంకొక్కటి తీస్తుంది. మళ్లీ ఆగుతుంది. టక్... టక్... అచ్చం ఎక్కిళ్లే. అందుకే దాన్ని పరుగు పందేలకు తీసుకెళ్లరు. తీసుకెళ్తే మొదట పరుగెత్తే పిల్లలు, చివర ఖాళీ మైదానం వస్తాయి.

"తీసుకెళ్తానురా," అన్నాడు టకటకయ్య. "నీ ముసలి కార్డుతోనే తీస్తాను. తీసి నీ మొహాన కొడతాను."

"కొట్టు బావా. ముందు భోజనం చెయ్యి."

మధ్యాహ్నం కెమెరా మెడలో వేసుకుని, అందరూ చూస్తుండగా వీధి మధ్యలోంచి నడిచి ఇంటికి వచ్చాడు. కింద తాళంచెవులవాడు ఆకురాయి ఆపి, "యుద్ధానికా?" అన్నాడు. "అవును," అని మెట్లెక్కాడు.

పైన మిషను చప్పుడు వినిపిస్తోంది. తలుపు తోసేసరికి ఆగింది. ఆమె ఒళ్లో ఎవరిదో కిటికీ తెర, చేతిలో నీలం సుద్ద, నోట్లో గుండుసూదులు.

"తొక్కొద్దన్నాడుగా డాక్టరు."

ఆమె గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది. "నేను తొక్కలేదు. దానంతటదే తిరిగింది."

"లే. కిటికీ దగ్గర కూర్చో."

"మళ్లీనా? ఆదివారం చాల్లేదా?"

"చేతనైతే తీయమన్నావు. చేతనయ్యేదాకా తీస్తాను."

ఆమె లేచింది. మిషను బల్ల పట్టుకుని, కాసేపు అలాగే నిలబడి, ఊపిరి కూడదీసుకుని, కుర్చీలోకి వచ్చింది. అతను సాయం చేయబోతే చేతిని తోసేసింది. జుట్టు సవరించుకోలేదు. కొంగుకు అంటిన దారప్పోగులు దులుపుకోలేదు. పక్క నుంచి పడుతున్న వెలుతురులో, గెలుపోటములు చూసుకుందామన్నట్టు గడ్డం పైకెత్తి కూర్చుంది. రెండో పక్క గోడ మీద అత్తగారి కళ్లు కూడా సిద్ధమయ్యాయి.

అతను కెమెరా ఎత్తాడు. ఎడమకన్ను మూశాడు. నొక్కాడు.

టకటకటకటక.

ఆమె కళ్లు మూసుకుంది, ఎప్పటిలాగే, బిగించి. కెమెరా కాసేపు వడగళ్లు కురిపించి, బుగ్గ నిండి, ఠక్కున ఆగిపోయింది. వెనక ఎర్రదీపం మాత్రం మిణుకుమిణుకుమంటోంది. అతను పళ్లు కొరుక్కున్నాడు. బావమరిదిని తిట్టుకున్నాడు, వాణ్ణి కన్న మామగారిని తిట్టుకున్నాడు. కానీ వేలు తీయలేదు. తీస్తే ఓడినట్టే అనిపించింది. నొక్కిన వేలు నొక్కినట్టే ఉంచాడు.

నిశ్శబ్దమైంది. అయిపోయిందనుకుని ఆమె కళ్లు తెరిచింది.

"ఏమిటి, ఇవాళ ఇంతలోనే నీరసించిపోయారు? మా తమ్ముడు తిండి పెట్ట..."

టక్.

ఉలిక్కిపడి మూసింది. మళ్లీ నిశ్శబ్దం. ఒక రెప్ప కొంచెం ఎత్తి చూసింది. కెమెరా కదలడం లేదు. రెండోదీ ఎత్తింది.

"పోయిందా, ఉందా? ఏమండీ, దానికి ఎక్కిళ్లు పట్టినట్టున్నాయి. కాసిని మంచినీళ్లు పట్టండి పాపం, ఎవరో తలుచుకుంటున్నట్టున్నారు. ఇంకెవరు, మీ అమ్మే..." అంటూ తన మాటకు తనే నవ్వు ఆపుకోలేక, చెయ్యి ఎత్తి గోడ వైపు చూపించబోయింది.

టక్.

అతను వేలు తీశాడు. ఎర్రదీపం మెల్లగా ఆరింది. కెమెరా తిప్పి వెనక అద్దంలో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. మూసినవి. మూసినవి. మూసినవి. తిట్టడానికి నోరు తెరిచి, కళ్లు సగం తెరిచినది ఒకటి. ఆ తరవాత, చివరిది.

అక్కడ ఆగిపోయాడు.

చూపుడువేలు గాల్లో ఉంది, కొంచెం చెదిరింది. నోరు బార్లా తెరిచి ఉంది, లోపల ఊడిన పన్ను సందు కూడా కనిపిస్తోంది. కళ్లు రెండూ తెరిచి ఉన్నాయి. ఎడమ రెప్ప కుడిదానికంటే రవ్వంత వాలి ఉంది. గుడ్లు అతను అనుకున్నంత నలుపు కావు, కిటికీ వెలుతురుకు తేనె రంగు తిరిగాయి. వెక్కిరింతా ఉంది, అలసటా ఉంది, తనను చూస్తే ఎప్పుడూ ఉండే "ఏం మనిషివయ్యా" అన్నదీ ఉంది. అతను జీవితంలో లెక్కలేనన్ని కళ్లు దిద్దాడు. ఈ కళ్లు దిద్దమంటే అతని వల్ల అయ్యేది కాదు.

"ఏదీ," అంది ఆమె.

కెమెరా చేతికిచ్చాడు. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. ఆ ఇంట్లో అంత మౌనం అద్దెకు దిగిన నాటి నుంచీ లేదు.

"వీటి కోసమా ఇన్నేళ్లు కొట్టుకున్నాం," అంది చివరికి. "అంత గొప్పగా ఏం లేవే."

"నీలాగే ఉన్నాయి."

"అదే కావాలి నాకు." ఇంకోసారి చూసి, "మీ అమ్మ కళ్లే బావుంటాయి నిజానికి. అయినా సరే," అంది.

అతను కార్డు బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. పక్కన గింజంత మీట ఒకటి ఉంది. దాన్ని కిందికి దించితే ఇక ఆ కార్డులో కొత్తది రాయలేరు, ఉన్నది చెరపలేరు. ఎవడైనా పొరపాటున తుడిచేయకుండా, ఫోటోలు తీసిన కార్డుకు అతను ఎప్పుడూ దాన్ని దించేస్తాడు.

"ఇటివ్వండి," అంది. సుద్ద అంటిన బొటనవేలి గోటితో ఆ మీటను తనే కిందికి దించింది. "ఎంత మంచి ఏర్పాటు! మనిషిక్కూడా ఒకటి పెట్టి ఉంటే బావుండేది." లేచి, మిషను మీదున్న బొత్తాల డబ్బాలో కార్డు పడేసింది. "ఇది నా దగ్గరే ఉంటుంది. మీ చేతికిస్తే మళ్లీ దిద్దుతారు."

"స్టూడియో కార్డు అది."

"మా నాన్న స్టూడియో. అడిగితే రమ్మనండి వాణ్ణి."

"సరే, ఈ పాత ఫోటో దించేస్తాను మరి."

"వద్దు," అంది ఆమె, గోడ వైపు తిరిగి. "ఆవిణ్ణి ఉండనివ్వండి. నన్ను పక్కన పెట్టండి. ఇన్నాళ్లకి నా కళ్లతో నేనూ ఆవిణ్ణి చూస్తాను. తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి."

సాయంత్రం అతను కెమెరా తిరిగి ఇచ్చేశాడు. కార్డు ఏదని బావమరిది అడిగాడు. మీ అక్కనడుగు అన్నాడు. బావమరిది అడగలేదు.

వానలు మొదలైన వారం, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆమె ఎవరిదో లంగా అంచు కుడుతూ, సూదిలో దారం కనిపించడం లేదని అతనికి ఇచ్చింది. అతను కిటికీ దగ్గరికి వెళ్లి, ఎడమకన్ను మూసి, దారం కొస తడిచేసి, రెండోసారికి ఎక్కించాడు. "ఇదిగో," అని తిరిగేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. ఏ చప్పుడూ లేకుండానే. అతను సూది పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు, ఇప్పుడు తెరుస్తుందేమోనని.

మర్నాడు బొత్తాల డబ్బాలోంచి కార్డు తీసుకుని స్టూడియోకి వెళ్లాడు. బావమరిది కళ్లు ఉబ్బి ఉన్నాయి. కార్డు కంప్యూటరుకు పెట్టి, చివరి ఫోటో తెరిచి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తరవాత ముక్కు తుడుచుకుని, ఏదో ఒకటి చేయాలి కదా మనిషి అన్నాక, పనిలో పడ్డాడు.

"బావా, కళ్లు అద్భుతం. నోరొక్కటే... పెద్దాచిన్నా వచ్చి చూస్తారు. ఇలా తెరుచుకుని ఉంటే బావుండదు. చిటికెలో మూసేస్తాను. ఎవరికీ తెలియదు." మాట్లాడుతూనే చకచకా పెదాలు రెండూ కలిపేశాడు. తెర మీద ఆమె బుద్ధిగా, ఎవరో పరాయి మనిషిలా కూర్చుంది.

"తియ్యి చెయ్యి," అన్నాడు టకటకయ్య. జీవితంలో మొదటిసారి అతని గొంతు గది దాటి వినిపించింది. బస్‌స్టాపులో నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. "ఆ నోరు మూయించడం డాక్టరు వల్ల కాలేదు, మీ నాన్న వల్ల కాలేదు, మా అమ్మ వల్ల కాలేదు. బతికుండగా ఎవడి వల్లా కాంది, ఇప్పుడు నీ వల్ల అవుతుందనుకున్నావా?"

బావమరిది ఉలిక్కిపడ్డాడు. ఆ కంగారులో వేలు ఎక్కడో పడి, మార్చిన ఫోటో అసలుదాని చోటే భద్రం కాబోయింది. తెర మీద చిన్న పెట్టె ఒకటి లేచింది: కార్డుకు తాళం వేసి ఉంది, ఇందులో ఏ మార్పూ చేయడానికి వీల్లేదు.

ఇద్దరూ దాన్ని చదివారు.

"తాళం ఎవరు వేశారు బావా?"

"ఇంకెవరు?"

బావమరిది ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి. "అక్క..." అన్నాడు, అంతే. పెదాలు కలిపిన ఫోటోను చెరిపేసి, ఉన్నది ఉన్నట్టు పెద్దదిగా అచ్చు తీశాడు. ఒక్కటి కాదు, ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని రెండు తీశాడు. వాళ్ల నాన్న ఉంటే గుండె ఆగిపోయేది.

గోడ మీద ఇప్పుడు రెండు ఫోటోలున్నాయి. ఒకదాంట్లో ఆమె బుద్ధిగా వాళ్ల అత్తగారి కళ్లతో చూస్తోంది. పక్కదాంట్లో నోరు తెరిచి, వేలు చూపించి, తన కళ్లతో తను చూస్తోంది. ఆ వేలు సరిగ్గా ఆవిడ వైపే ఉంది. వచ్చినవాళ్లు చూసి మొహమాటపడతారు, తరవాత వద్దన్నా నవ్వొస్తుంది వాళ్లకి. పొద్దున్నే టకటకయ్య కార్డులకు పళ్లు తోముతాడు. ముందు తన పళ్లు తోముకుని.

ఒక్క కార్డుకు మాత్రం తోమడు. అది మిషను మీద, మూత సరిగా పడని బొత్తాల డబ్బాలో, కొక్కేలకీ విరిగిన సూదులకీ మధ్య ఉంది. కిందికి దించిన మీట మీద, ఆమె గోరు తగిలిన చోట, కాస్త నీలం సుద్ద.